గోగునారా, అరటినారా, నూలా: చేతి కాగితం మీద ఇంక్‌జెట్ వేయాలంటే ఏది ఎంచుకోవాలి

ముందే చెప్పేస్తున్నా. చేత్తో చేసిన కాగితం మీద ఇంక్‌జెట్ (సిరా చుక్కలు చిమ్మే ప్రింటర్) ప్రింటు బాగా వస్తుందా లేదా అన్నది ఆ కాగితం ఏ మొక్కదన్న దాని మీద కన్నా, దానికి గంజి (నీళ్లు పీల్చుకోకుండా ఆపే జిగురు) పట్టించారా లేదా, మీ ప్రింటర్‌లో పోసింది ఏ రకం సిరా అన్న రెండు సంగతుల మీదే ఎక్కువ ఆధారపడుతుంది. మనవాళ్లు అడిగేది మాత్రం ఎప్పుడూ మొక్క గురించే. గోగునారది మంచిదా, అరటినారది మంచిదా, లేకపోతే నూలు గుడ్డలతో చేసింది తెప్పించుకోమంటారా అని. ఆ ప్రశ్నకూ జవాబు చెప్తాను కానీ సిరా సంగతి తేలాకే.

ఇదంతా ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు చిన్న మొత్తంలో పనులు చేసుకునేవాళ్ల కోసం. పెళ్లి కార్డులు, స్కూలు ప్రశంసాపత్రాలు, తేనె సీసాల మీదో పసుపు ప్యాకెట్ల మీదో అంటించే లేబుళ్లు, అలాంటివి. యాభై, వంద, మహా అయితే రెండొందలు. అంతకు మించితే స్క్రీన్ ప్రింటింగ్ వాళ్ల దగ్గరికి వెళ్లండి, ఇంక్‌జెట్‌తో కుస్తీ పట్టకండి.

అసలు తేడా ఎక్కడ వస్తుందో చూడండి. రాయగడ పక్కన జేకేపూర్‌లో 1962 నుంచి నడుస్తున్న మిల్లు ఉంది కదా, అలాంటి మిల్లు నుంచి వచ్చే 75 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 75 గ్రాములు తూగే) జిరాక్స్ కాగితం మీద అక్షరం కత్తిరించినట్టు వస్తుంది. అదే ప్రింటర్లో అదే ఫైలు చేతి కాగితం మీద వేస్తే అక్షరానికి మీసాలు మొలుస్తాయి. మిల్లులో గుజ్జులోనే నీళ్లు పీల్చుకోకుండా మందు కలుపుతారు, తర్వాత పైన పిండి పూత ఇస్తారు, ఆ పైన రోలర్ల మధ్య నొక్కి నున్నగా చేస్తారు. చేతి కాగితం చేసేవాళ్లు తొట్టిలో గుజ్జు కలిపి, చట్రం ముంచి ఎత్తి, నొక్కి, ఆరబెడతారు. వాళ్లు ఏ జిగురూ కలపకపోతే మీ చేతికి వచ్చేది బ్లాటింగ్ పేపరే, ఎంత అందంగా ఉన్నా సరే. ఇంక్‌జెట్ సిరాలో ఎక్కువ భాగం నీళ్లు. ఆ నీళ్లు నార వెంట పరుగెడతాయి, రంగును వెంటబెట్టుకుని.

సిరా: డై, పిగ్మెంట్, కలగలుపు

డై సిరాలో రంగు నీళ్లలో పూర్తిగా కరిగి ఉంటుంది, కాబట్టి నీళ్లు ఎంత దూరం పోతే రంగూ అంత దూరం పోతుంది. పిగ్మెంట్ సిరాలో రంగు సన్నటి పొడిలా తేలుతూ ఉంటుంది, నీళ్లు లోపలికి ఇంకిపోయినా పొడిలో ఎక్కువ భాగం పైనే చిక్కుకుంటుంది. అందుకే గంజి సరిగా పట్టని కాగితం మీద కూడా పిగ్మెంట్ నలుపు కాస్త గౌరవంగా కనిపిస్తుంది. ఎండకు డై తొందరగా వెలిసిపోతుంది, పిగ్మెంట్ చాలా ఎక్కువ కాలం నిలుస్తుంది.

మీ ఇంట్లో ఉన్నది ఏదో తెలియాలంటే సిరా సీసా మీదో కంపెనీ సైట్‌లోనో రాసి ఉంటుంది. కెనాన్ జీ సిరీస్‌లో చాలా మోడళ్లు, హెచ్‌పీ స్మార్ట్ ట్యాంక్, బ్రదర్ ట్యాంక్ ప్రింటర్లు ఎక్కువగా కలగలుపు, అంటే నలుపు పిగ్మెంట్, మిగతా మూడు రంగులూ డై. ఎప్సన్‌లో మోడల్‌ను బట్టి మూడు రకాలూ ఉన్నాయి. అన్నీ డై ఉన్నవి, నలుపు ఒక్కటే పిగ్మెంట్ ఉన్నవి, ఎల్15150 లాంటి ఆఫీసు మోడళ్లలో నాలుగూ పిగ్మెంట్ ఉన్నవి. సీసా పారేశారా? మామూలు కాగితం మీద నాలుగు రంగులూ పట్టీల్లా ప్రింటు తీసి, ఒక రోజు ఆరనిచ్చి, ఒక్కో దాని మీద నీటి చుక్క వేసి కాసేపాగి వేలితో లాగండి. పారిపోయింది డై, నిలబడింది పిగ్మెంట్.

మన దగ్గర ఈ తేడా ఎక్కడో ల్యాబులో కాదు, పెళ్లి కార్డు మీదే బయటపడుతుంది. శుభలేఖకు నాలుగు మూలలా పసుపు పెట్టకుండా ఎవరూ పంచరు. తడి పసుపు డై సిరా మీద పడిందంటే ఆ మూలనున్న తీగ డిజైను, ముహూర్తం అక్షరాలు కలిసి గోధుమరంగు మరకవుతాయి. కాబట్టి కార్డు డై ప్రింటర్లోనే వేయాల్సి వస్తే నాలుగు మూలలూ ఖాళీగా వదిలి డిజైన్ చేయండి, బొటనవేలు పట్టేంత జాగా.

కలగలుపు ప్రింటర్ ఉన్నవాళ్లు తప్పకుండా గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది, షాపులవాళ్లకే చాలామందికి తెలియదు. డ్రైవర్‌లో, అంటే ప్రింటు ఇచ్చేటప్పుడు కంప్యూటర్‌లో వచ్చే సెట్టింగుల్లో, ఫోటో పేపర్ అని ఎంచుకుంటే ఈ ప్రింటర్లు చాలావరకు పిగ్మెంట్ నలుపును పక్కన పెట్టేసి, మూడు డై రంగులు కలిపి నలుపు తయారు చేస్తాయి. 'మంచి కాగితం కదా, ఫోటో సెట్టింగ్ పెడదాం' అనుకుంటే చేతిలో ఉన్న మంచి సిరాను వదిలేసి మూడింతలు నీళ్లు కాగితం మీద పోసినట్టే. ప్లెయిన్ పేపర్ అనే పెట్టండి. క్వాలిటీ కూడా హై వద్దు, స్టాండర్డ్ చాలు, ఎందుకంటే ఎక్కువ క్వాలిటీ అంటే చాలాసార్లు ఎక్కువ సిరా అని అర్థం. అక్షరాలు నల్లగానే ఉంచండి. ముదురు మెరూన్, కాఫీ రంగు తెర మీద ముచ్చటగా ఉంటాయి కానీ అవి రెండు మూడు రంగుల చుక్కలు కలిస్తే వచ్చేవి, ఒక్కో రంగు ఒక్కోలా పాకితే అక్షరం అంచున గులాబీ నీడ పడుతుంది.

పిగ్మెంట్‌కూ బాధలున్నాయి. గరుకు కాగితం మీద పైనే కూర్చుంటుంది కాబట్టి గట్టిగా రుద్దితే కొంచెం లేస్తుంది, వారాల తరబడి ప్రింటర్ వాడకపోతే నాజిళ్లు, అంటే సిరా చిమ్మే సన్నటి రంధ్రాలు, మూసుకుపోతాయి. అయినా నా ఓటు దానికే. డై ప్రింటర్‌లో పిగ్మెంట్ సిరా నింపేసుకోవచ్చని కొందరు రీఫిల్ వాళ్లు చెప్తుంటారు, ఉన్న ఒక్క ప్రింటర్‌తో అలాంటి ప్రయోగాలు మాత్రం వద్దు.

ఇప్పుడు కాగితాలు

నూలు కాగితం, అంటే బనియన్ల కత్తిరింపుల్లాంటి పత్తి గుడ్డ ముక్కలతో చేసింది. జైపూర్ దగ్గర సంగనేర్ నుంచి, పుదుచ్చేరి అరవిందాశ్రమం వాళ్ల యూనిట్ నుంచి వచ్చేది ఎక్కువగా ఇదే. పత్తిలో లిగ్నిన్ (కాగితాన్ని పచ్చబరిచే, మొక్కల్లో ఉండే పదార్థం) దాదాపు ఉండదు కాబట్టి ఏళ్లు గడిచినా పచ్చబడదు, మడత పెడితే విరగదు, తెల్లగా ఉంటుంది కాబట్టి రంగు అనుకున్నట్టు కనిపిస్తుంది. సంగతి తెలిసిన తయారీదారులు గుజ్జులోనే జిగురు కలిపి ఇస్తారు. టెన్షన్ లేకుండా పని జరగాలి, వధువు తండ్రికి మాట ఇచ్చేశాను అనుకునేవాళ్లు కళ్లు మూసుకుని ఇది తీసుకోండి. ప్రశంసాపత్రాలకు కూడా ఇదే. ఒక్క లోటు, ఇది మన ప్రాంతపు కాగితం కాదు, చూడగానే 'ఇదేంటి, ఏ నారతో చేశారు?' అని ఎవరూ అడగరు.

అలా అడిగించుకునేది గోగునార కాగితం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోనూ మన రాయగడ వైపూ గోగు పండిస్తారు కదా, ఆ నారతో. గుజ్జులో విడిపోయాక ఒక్కో నార పొడవు రెండు మూడు మిల్లీమీటర్లే కానీ గట్టిది. చాకలి సోడాతోనో కాస్టిక్ సోడాతోనో ఉడికించి బాగా దంచితే గోధుమ బంగారు రంగులో చక్కటి షీటు వస్తుంది. దంచడం తక్కువైతే మాత్రం నార పోగులు పైకి తేలి కనిపిస్తాయి. కంటికి అది అందమే, ప్రింటర్‌కు కాదు, ఎందుకంటే ఒక్కో పోగు ఒక్కో కాలువ. సిరా చుక్క పోగు మీద పడితే దాని వెంట రెండు మూడు మిల్లీమీటర్లు వెళ్లిపోతుంది. గోగులో లిగ్నిన్ ఉంటుంది కాబట్టి ఎండ తగిలే గోడ మీద పెడితే రంగు ముదురుతుంది. ఫ్రేము కట్టించే సర్టిఫికెట్‌కు నేను ఇవ్వను. పెళ్లి కార్డుకు, లేబుల్‌కు హాయిగా ఇస్తాను. రంగు కాగితం కనుక లేత పసుపు, లేత ఆకుపచ్చ దాని మీద కనిపించవు. ఇళ్లలో వాడే ఇంక్‌జెట్‌లో తెల్ల సిరా ఉండదు, డిజైన్‌లో తెల్లగా వదిలింది కాగితం రంగులోనే ఉండిపోతుంది. నలుపు ఒక్కటీ, మహా అయితే ముదురు ఎరుపు.

కొనేముందు ఒక పరీక్ష చేయండి, పసుపు తడిపి షీటు మూల మీద అద్దండి. పసుపులో సున్నం కలిస్తే ఎర్రటి పారాణి అవుతుందని మనింట్లో అందరికీ తెలిసిందే. అదే పని సోడా కూడా చేస్తుంది. అద్దిన పసుపు ఎర్రబడితే ఉడికించిన సోడాను సరిగా కడగలేదన్నమాట, ఆ కట్ట వెనక్కి ఇచ్చేయండి. ఎలాగూ రేపు కార్డుకు పసుపు పెట్టినప్పుడు మూలలు ఎర్రబడతాయి, చూసినవాళ్లు ఏదో అశుభం అనుకుంటారు, ఆ తలనొప్పి మీకెందుకు.

అరటినార కాగితం దీనికి పూర్తిగా వేరే స్వభావం. ఎక్కువసేపు దంచిన అరటినార గుజ్జు ఆరాక బిగుసుకుపోయి, గలగలమంటూ, వెలుతురుకు పట్టుకుంటే కాస్త అవతల కనిపించేలా అవుతుంది. అలాంటి షీటు సిరాను తొందరగా పీల్చదు, కాబట్టి గంజి పట్టించకపోయినా అక్షరం అంచు పదునుగా వస్తుంది. చేతి కాగితాల్లో ఈ గుణం ఉన్నవి తక్కువ. కానీ పీల్చదు కాబట్టే ఆరడానికి చాలాసేపు పడుతుంది. నిండా రంగు నింపిన డిజైన్ వేస్తే తడి మీద రోలర్ చక్రాల చుక్కలు పడతాయి. పైగా ఆరేటప్పుడు బాగా ముడుచుకుపోయే నార, షీటు అంచులు ఎప్పుడూ అలల్లా లేచి ఉంటాయి, లేచిన అంచు ప్రింట్ హెడ్‌కు (కాగితం మీదుగా తిరుగుతూ సిరా చిమ్మే భాగానికి) తగిలిందంటే నల్లటి గీత పడుతుంది. రాత్రంతా బరువు కింద పెట్టి, తీసిన వెంటనే ప్రింటు వేయాలి. అవతలికి కనిపిస్తుందన్న సంగతి మన సరిహద్దు ఊళ్లలో ఇంకో చిక్కు తెస్తుంది. ఒకవైపు తెలుగు, వెనకవైపు ఒడియా వేయమంటారు, రెండూ ఒకదాని మీద ఒకటి పడ్డట్టు కనిపించి ఏదీ చదవబుద్ధి కాదు. ఒకేవైపు పైన తెలుగు, కింద ఒడియా వేయండి, లేదా రెండు ఆకులుగా చేసి దారంతో కట్టండి.

వరిగడ్డి కాగితం గురించి ఎక్కువ చెప్పను. నార చిన్నది, షీటు బలహీనం, దుమ్ము రాలుతుంది. రాలిన దుమ్ము రోలర్లకు అంటుకుని తర్వాత మామూలు కాగితాన్ని కూడా లాగనివ్వదు. గోగుతోనో గుడ్డ గుజ్జుతోనో కలిపి చేస్తే ఫర్వాలేదు. పూల రేకులు, ఆకులు పొదిగిన కాగితాలైతే కవరుకే వాడండి. రేకు ఎత్తుగా ఉంటుంది, హెడ్‌కు తగులుతుంది, తడికి దాని రంగు కారుతుంది.

గంజి పట్టిందో లేదో చూడటం

ఫౌంటెన్ పెన్ను ఉంటే అంతకన్నా మంచి పరీక్ష లేదు, దాని సిరా కూడా నీళ్లలో కరిగిన డై సిరానే. జెల్ పెన్ను, బాల్ పెన్ను పనికిరావు, అవి అన్నిటి మీదా బాగానే రాస్తాయి. షాపులో నమూనా ముక్క అడిగి దాని మీద 'జ్యేష్ఠ పుత్రిక' అని కార్డులో వచ్చేంత సైజులో రాయండి. ఎందుకు ఆ మాటే అంటే, అందులో ష కింద ఠ వత్తు ఉంది, చిన్న సున్నా లోపల చుక్క. పక్కనే జ కింద య వత్తు ఉంది, త కింద ర వత్తు ఉంది. గంజి లేని కాగితం మీద మొదట పోయేది ఆ చుక్కే. సున్నా లోపలి గోడలు ఉబ్బుతాయి, చుక్క ఉబ్బుతుంది, రెండూ కలిసి ఆవగింజంత నల్ల ముద్ద అవుతుంది. భూతద్దం పెట్టి చూస్తే ఆ ముద్ద నుంచి నాలుగైదు సన్నటి నల్లటి వెంట్రుకలు నారల వెంట బయటకు పాకి ఉంటాయి. ఆ చుక్క విడిగా కనిపించిందా, ఆ కాగితం కొనొచ్చు. ఒడియాకూ ఇలాంటి ఇబ్బందే, చాలా అక్షరాలకు పైన గుండ్రటి గొడుగు ఒకేలా ఉంటుంది, ఏ అక్షరమో చెప్పేది కింద ఉన్న చిన్న గీతలు, అవి పూడుకుపోతే కష్టం.

ఫాంటు ఎంపిక కూడా ఇక్కడే తేల్చుకోండి. రామభద్ర లాంటి లావు ఫాంటులో అక్షరం లోపలి ఖాళీలు ముందే చిన్నవి, తొందరగా పూడిపోతాయి. మరీ సన్నటి గీతలున్నవి గరుకు కాగితం గుంటల్లో తెగిపోతాయి. మండలి, నోటో సాన్స్ తెలుగు లాంటి మధ్యస్థ మందం ఉన్నవి నయం, మామూలు కార్డు కన్నా రెండు మూడు పాయింట్లు పెంచి. గిడుగు రామమూర్తి పంతులుగారి పేరు మీద కూడా ఒక ఫాంటు ఉంది, ఆయన పాఠాలు చెప్పిన ఊరు కాబట్టి పర్లాకిమిడి కార్డు మీద అది ఉండాలని నాకు సరదా. శీర్షికకు పెట్టుకోండి, వివరాలకు మాత్రం వద్దు.

కాగితం నచ్చింది, గంజి లేదు, అప్పుడేం చేయాలి? ఇంట్లోనే పట్టించుకోవచ్చు, మూడు దారులున్నాయి.

అన్నిటికన్నా చవక పిండి గంజి. కార్న్‌ఫ్లోర్‌తోనో సగ్గుబియ్యంతోనో పల్చగా, లీటరు నీళ్లకు 20, 30 గ్రాములు, పాలంత పల్చగా కాచి, గుడ్డలో వడకట్టి, వెడల్పు బ్రష్‌తో రెండువైపులా పూయడం. బియ్యం గంజిలో పలుకులు మిగిలిపోతాయి, అది చేనేత పోగుకు సరే గానీ ఇక్కడ వద్దు. పిండి గంజితో భయం వానాకాలంలో బూజు, ఎప్పుడైనా బొద్దింకలు. పంచేసే కార్డుకు అది లెక్కలోది కాదు, దాచుకునే పత్రానికి లెక్కే.

జెలటిన్ ఇంకా గట్టిగా పనిచేస్తుంది, పాతకాలపు యూరప్ కాగితాల్లో చాలావాటికి అదే వాడేవారు. అదీ లీటరుకు 20 గ్రాముల చొప్పున, ముందు చల్లటి నీళ్లలో నాననిచ్చి తర్వాత గోరువెచ్చన కన్నా కాస్త వేడిలో కరిగించాలి, మరిగిస్తే దాని బలం పోతుంది. అక్షరం అంచు పిండి గంజి కన్నా ఒక మెట్టు శుభ్రంగా వస్తుంది. కానీ ఇది జంతువుల ఎముకలు, చర్మం నుంచి వచ్చేది. గుడి ఆహ్వానపత్రికకు, శాకాహారం పట్టింపున్న ఇంటి శుభలేఖకు వాడేముందు వాళ్లకు చెప్పి వాడండి, చెప్పకుండా మాత్రం వాడకండి.

పటిక సంగతి కూడా ఇక్కడే. బట్టలకు రంగులు వేసేవాళ్లు పటికతో రంగు పట్టించినట్టే, గంజిలోనో జెలటిన్‌లోనో చిటికెడు పటిక కలిపితే డై సిరా కాస్త నిలబడుతుంది, తడికి కొంచెం తట్టుకుంటుంది. కాబట్టి డై ప్రింటర్ మాత్రమే ఉన్నవాళ్లకు ఇది పనికొచ్చే మాట. అయితే పటిక ఆమ్లం, ఏళ్లు గడిచేకొద్దీ కాగితాన్ని పెళుసు చేస్తుంది. లేబుల్‌కు వేయండి, కార్డుకు వేయండి, సర్టిఫికెట్‌కు వేయకండి.

మూడోది నాకు ఎక్కువ ఇష్టమైనది, అందరికీ కుదిరేది కాదు. పూరీ దగ్గరి రఘురాజ్‌పూర్ చిత్రకారులు పట్టచిత్రం కోసం గుడ్డను ఎలా సిద్ధం చేస్తారో తెలుసు కదా, చింతగింజల జిగురు, సుద్దపొడి కలిపి పూసి, ఆరాక రాయితో రుద్ది నున్నగా చేస్తారు. ఒడిశా గంజపా పేకముక్కలకూ ఇదే దారి, పర్లాకిమిడి కూడా గంజపాకు పేరున్న ఊరే. ఇంక్‌జెట్ కోసం కంపెనీలు కాగితానికి ఇచ్చే పూత కూడా సూత్రంలో ఇంతే, నీళ్లను పీల్చుకునే తెల్లటి మట్టి లాంటి పొడి, దాన్ని పట్టి ఉంచే జిగురు. పొడి నీళ్లను ఉన్నచోటే లోపలికి లాగేస్తుంది, పక్కకు పాకనివ్వదు, రంగు పైన ఉండిపోతుంది. చింతగింజలు వేయించి, పైపొట్టు మొత్తం తీసేసి, నానబెట్టి, రుబ్బి, ఉడికించి వడకట్టాలి. పొట్టు మిగిలితే పూత గోధుమరంగుకు తిరుగుతుంది. అందులో మెత్తగా జల్లించిన సుద్ద కలిపి, ప్రింటు వేసే వైపు మాత్రమే, పల్చగా ఒక పూత. ఆరాక నున్నటి గులకరాయితోనో గాజు సీసా వీపుతోనో ఒకే దిశలో రుద్దండి. తర్వాత నల్లగుడ్డతో తుడిచి చూడండి, గుడ్డకు తెల్లగా అంటుతున్నంతసేపూ అది ప్రింటర్లోకి పోకూడదు. గోగు కాగితం మీద ఈ పూత వేసి ఫోటోనో బొమ్మనో ప్రింటు తీస్తే రంగుల్లో వచ్చే లోతు పిండి గంజితో రాదు. మడత పెట్టే కార్డుకు మాత్రం వద్దు, మడత దగ్గర పూత పగులుతుంది. పటికనూ సుద్దనూ ఒకే గిన్నెలో కలపకండి, నురగ వచ్చి రెండూ చెడతాయి.

ఏది పూసినా కాగితం అలలు తిరుగుతుంది. కొంచెం తేమ ఉండగానే రెండు గుడ్డల మధ్య, చెక్కల కింద, బరువు పెట్టి ఆరనివ్వాలి. జులై, ఆగస్టుల్లో బరంపురం గాలికి ఇది ఒకపట్టాన ఆరదు, ఆ నెలల్లో ఆర్డరు తీసుకుంటే తేదీ దగ్గర పెట్టుకోకండి.

ప్రింటర్ లోపలి దారి

ప్రింటర్ కొత్తగా కొనబోతుంటే కాగితం వెనక నుంచి పైకి నిలబెట్టి పెట్టేది తీసుకోండి. ముందు ట్రేలో పడుకోబెట్టే మోడళ్లలో కాగితం లోపల గుండ్రంగా ఒక మలుపు తిరిగి రావాలి, మందపాటి చేతి కాగితం ఆ మలుపులో ఇరుక్కుంటుంది, అరటినారదైతే గీత పడి మరీ వస్తుంది. కొన్ని ముందు ట్రే మోడళ్లకు వెనక ఒక్కో షీటు పెట్టే సందు ఉంటుంది, అది ఉన్నా చాలు. 100 నుంచి 150 జీఎస్ఎమ్ మధ్య ఉన్న షీట్లు వెనక దారిలో బాగానే పోతాయి. 200 దాటాక ప్రతి షీటూ ఒక జూదం.

డ్రైవర్‌లో ఎప్సన్‌కు మందపాటి కాగితం, కవర్లు అనే ఆప్షన్, కెనాన్‌కు కాగితం రాసుకోకుండా ఆపే ఆప్షన్ ఉంటాయి, పేరు వేరైనా పని హెడ్‌కు కాగితానికి మధ్య సందు పెంచడమే. అవి ఆన్ చేయండి. అక్షరం వెంట్రుకవాసి మెత్తబడుతుంది, హెడ్ బతుకుతుంది.

చేతి కాగితానికి నాలుగు అంచులూ చిరిగినట్టు గరుకుగా ఉంటాయి, అందం అంతా అందులోనే, కానీ ముందు పోయే అంచు మాత్రం స్కేలు పెట్టి నిటారుగా కోయాల్సిందే, లేకపోతే రోలర్ వంకరగా లాగుతుంది. మిగతా మూడూ అలాగే ఉంచుకోండి. మామూలుగా దొరికే 22×30 అంగుళాల పెద్ద షీటు నుంచి నాలుగు ఏ4 ముక్కలు వస్తాయి. అంచుల అందం నాలుగువైపులా కావాలంటే ఏ4 చట్రంలోనే చేసిన షీట్లు అడగండి, వాటిని ఒక మామూలు జిరాక్స్ కాగితం మీద ముందు అంచున పేపర్ టేపుతో అంటించి పంపండి, రోలర్ జిరాక్స్ కాగితాన్ని పట్టుకుంటుంది, మీ షీటు దాని మీద స్వారీ చేస్తుంది. ఒక్కోసారి ఒక్కటే పెట్టండి. పెట్టేముందు మెత్తటి బ్రష్‌తో దులపండి. పని అయ్యాక నాలుగైదు తెల్ల కాగితాలు ఖాళీగా లాగించి, నాజిల్ చెక్ ఒకటి తీయండి, పోగులు ఏమైనా చిక్కుకుంటే అక్కడే తెలిసిపోతుంది.

మరి ఏది తీసుకోవాలి

పెళ్లి కార్డు, వంద లోపు, పిగ్మెంట్ నలుపు ఉన్న ప్రింటర్: పిండి గంజి పట్టించిన గోగునార, నలుపు అక్షరాలు, వినాయకుడి బొమ్మ కూడా నలుపు గీతలే. రంగు కావాలని పట్టుబడితే లక్క ముద్రో, ఎర్ర దారమో జోడించండి, సిరాతో కాదు. ప్రతి కార్డు మీదా అతిథి పేరు విడిగా ప్రింటు కావాలంటే ఇంక్‌జెట్‌ను కొట్టేది లేదు. డై ప్రింటర్ ఒక్కటే ఉంటే నూలు కాగితానికి మారిపోండి, గోగుతో పంతానికి పోకండి.

తేనె సీసా లేబుల్‌కు చేతులు జిగురుగా తగులుతాయి, ఫ్రిజ్‌లో తేమ పడుతుంది. నాలుగూ పిగ్మెంట్ అయితేనే రంగుల్లో వేయండి, లేకపోతే నలుపు ఒక్కటీ. అరటినార ఇక్కడ బాగుంటుంది, పీల్చదు కాబట్టి మరక తొందరగా పట్టదు.

ప్రశంసాపత్రం: నూలు, పిగ్మెంట్, పటిక లేకుండా. చర్చకు తావు లేదు.

గోడకు పెట్టుకునే బొమ్మ, ఫోటో: చింతగింజల పూత వేసే ఓపిక ఉంటే గోగు మీద, లేకపోతే నూలు మీద. ఎండ పడని గోడ చూసుకోండి.

రెండొందలు దాటిన ఆర్డరైతే స్క్రీన్ ప్రింటింగ్. ఆ సిరా చిక్కగా పైనే కూర్చుంటుంది, కాగితానికి గంజి ఉన్నా లేకపోయినా పెద్ద తేడా పడదు, పసుపు పెట్టినా కారదు, గోగు మీద తెలుపు, బంగారు రంగు కూడా వేసుకోవచ్చు. మరీ చిన్న అక్షరాలు మాత్రం దానిలోనూ పూడతాయి. లేజర్ జిరాక్స్ షాపుకు తీసుకెళ్దామా అని అడిగేవాళ్లుంటారు. అక్కడ సిరా పాకే సమస్య ఉండదు నిజమే, కానీ టోనర్ పొడి గరుకు కాగితం గుంటల్లోకి దిగదు, మడత దగ్గర పొట్టులా రాలుతుంది. నున్నగా రుద్దిన పల్చటి షీటైతే ఒకటి వేయించి చూడండి. పూల రేకులున్నది మాత్రం ఇవ్వకండి, లోపలి రోలర్ 200 డిగ్రీల దగ్గర ఉంటుంది, రేకు మాడి దానికి అతుక్కుంటే షాపువాడు మిమ్మల్ని మళ్లీ గడప తొక్కనివ్వడు.